ఏడేళ్ల రాజా పేరున



పుణే పాతబస్తీలో పేటలకు వారాల పేర్లుంటాయి. శనివార్ పేట, బుధవార్ పేట, శుక్రవార్ పేట, ఇలా. ఆ శుక్రవార్ పేటలో, బాజీరావు రోడ్డుకు ఆనుకుని, రాజస్థానీ పద్ధతిలో కట్టిన ఒక మూడంతస్తుల భవనం ఉంది. దాని పేరు రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం. అందులో ఇరవై వేలకు పైగా వస్తువులున్నాయి. వాటన్నిటినీ కూడబెట్టింది ఒకే ఒక్క మనిషి. ఆయన పేరు దినకర్ గంగాధర్ కేల్కర్. ఈ పూట నా ప్రసంగం ఆయన గురించి.

మ్యూజియం అనగానే మన తెలుగువాళ్లకు ముందుగా మెదిలేది సాలార్‌జంగ్ మ్యూజియం. అది న్యాయమే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ 1889లో పుట్టారు. 1912 నుంచి రెండేళ్లకు పైగా నిజాం కొలువులో దివానుగిరీ చేసి, అది వదిలేశాక మిగిలిన జీవితమంతా వస్తువుల సేకరణకే ధారపోశారు. వెనక పెద్ద జాగీర్ల రాబడి ఉంది. ఏ దేశంలో ఏ మంచి వస్తువు అమ్మకానికి వచ్చినా ఆయనకు కబురందేది. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న కన్నుమూశారు. ఆ సేకరణను మ్యూజియంగా ప్రజలకు తెరిచింది ఆయన పోయిన తరువాత, 1951 డిసెంబరు 16న, దివాన్ దేవిడీలో, జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా. 1961లో పార్లమెంటు దానికోసం చట్టం చేసింది. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఆయన కూడబెట్టారు, మ్యూజియం పని మాత్రం ఆయన తరువాతివాళ్ల చేతుల్లో పడింది.

కేల్కర్ దగ్గర జాగీర్లు లేవు. కళ్లజోళ్ల వ్యాపారం చేసుకునే కుటుంబం వారిది. పుట్టింది 1896 జనవరి 10న. కొట్లో కూర్చుని కళ్లజోళ్లు అమ్మేవారు, ఇంటికొచ్చి కవిత్వం రాసేవారు. మరాఠీ సాహిత్యంలో ఆయన కలం పేరు ‘అజ్ఞాతవాసి’. 1920 దశకం మహారాష్ట్రలో కవిత్వం ఉరకలు వేస్తున్న కాలం. పుణేలో యువకవులు గుంపులు కట్టి ఒకరి పద్యాలు ఒకరికి వినిపించుకుంటున్న రోజులు. కేల్కర్‌కు ఆ హడావుడి కన్నా చరిత్ర మీద, పాతకాలపు వీరగాథల మీద మక్కువ ఎక్కువ. కత్తులు, డాళ్లు, పాత కాగితాలు, ఆ కాలం మనుషులు చేత్తో పట్టుకున్నది ఏదైనా సరే, దాన్ని చూడాలి, తాకాలి అన్న కోరిక ఆయనది. 1920 ప్రాంతంలో సేకరణ మొదలైంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు.

సేకరణ అంటే ఎవరైనా ఏం సేకరిస్తారు? నాణేలు, శిల్పాలు, రాజుల బొమ్మలు, తాళపత్రాలు. వాటికి అప్పటికే విలువ ఉంది. కొనేవాళ్లున్నారు, వాటి మీద పుస్తకాలు రాసే పండితులున్నారు. కేల్కర్ చూపు నెమ్మదిగా వేరే వైపు తిరిగింది. వంటింటి వైపు, పడకటింటి వైపు, పూజగది వైపు. దీపాలు, అడకత్తెరలు, సిరాబుడ్లు, తాళం కప్పలు, కుంకుమ బరిణెలు, హుక్కాలు, దువ్వెనలు, కూజాలు, గంటెలు, వాద్యాలు, తలుపులు, కిటికీలు. మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాలవి. అంటే చరిత్రకారుల లెక్కలో అంత పాతవేమీ కావు. కేల్కర్ వెతికే రోజుల్లో అవి ఇంకా ఇళ్లలో వాడుకలో ఉన్నాయి, లేదా నిన్నమొన్ననే మూలకు చేరాయి. ఎవరూ విలువైనవని అనుకోని సమయంలోనే ఆయన వాటిని పట్టుకున్నారు. ఆయన గొప్పతనం ముందుగా ఇక్కడ ఉందని నా నమ్మకం. వెయ్యేళ్ల శిల్పం అందమైనదని గుర్తించడానికి చదువు చాలు. పక్కింటి అవ్వ రోజూ వక్కలు కత్తిరించుకునే పనిముట్టు అందమైనదని గుర్తించడానికి కవి కన్ను కావాలి.

ఆ అడకత్తెర సంగతే చూద్దాం. మన ఇళ్లలో ఉండే మామూలు అడకత్తెర మీకు తెలుసు. రెండు ఇనుప కాళ్లు, వాటిని కలుపుతూ ఒక కొసన మేకు, ఒక పక్క పదును. వక్క మధ్యలో పెట్టి నొక్కితే టక్కున తెగుతుంది. దీనికి అలంకారం అక్కర్లేదు. అయినా వంద, నూటయాభై ఏళ్ల కిందటి కంచరి ఆ రెండు కాళ్లను ఇత్తడితో పోతపోసి, పదును ఉండాల్సిన చోట మాత్రం ఇనుప పలక బిగించి, మిగిలిన చోటల్లా తన చేతికి స్వేచ్ఛ ఇచ్చాడు. కేల్కర్ మ్యూజియంలో అడకత్తెరలు గుర్రాలయ్యాయి, చిలుకలయ్యాయి, మనుషులయ్యాయి. ఆలుమగల ఆకారంలో చేసినవి నాకు మరీ ఇష్టం. ఒక కాలు పురుషుడు, రెండో కాలు స్త్రీ. తెరిస్తే ఇద్దరూ ఎడమొహం పెడమొహం. వక్క పెట్టి నొక్కుతుంటే ఒకరికొకరు దగ్గరవుతారు. వక్క తెగే క్షణానికి ముఖాలు కలుసుకుంటాయి. తాంబూలం భోజనం తరువాత ఆలుమగలు కలిసి వేసుకునేది కదా, దానికి తగిన పనిముట్టు! ఆ చేసినవాడి పేరు ఎక్కడా లేదు. అతను సంతకం చెక్కుకోలేదు, చెక్కుకోవాలని అతనికి తోచి కూడా ఉండదు. బజారులో ఒకటికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని చేశాడో, తన ముచ్చట కోసం చేశాడో మనకు తెలిసే దారి లేదు. కానీ చేతిలోకి తీసుకునే మనిషి నవ్వుకోవాలని మాత్రం కోరుకున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ పనిచేస్తోంది. స్కూలు పిల్లలు ఆ అద్దాల బీరువా ముందు గుమిగూడి కిలకిలమంటారు.

అడకత్తెరల తరువాత నేను చెప్పవలసింది పాదాలు రుద్దుకునే బిళ్లల గురించి. మరాఠీలో వాటిని వజ్రీ అంటారు. అడుగున గరుకు గళ్లు, పైన పట్టుకోవడానికి పిడి. స్నానాల గదిలో మడమల మట్టి వదిలించుకునే వస్తువు. ఇంట్లో దీనికి మించిన అల్పమైన వస్తువు ఉండదు. దాని పిడి మీద కూడా ఏనుగులు, నెమళ్లు, చిలుకలు! ఎవరు చూస్తారని? తలుపు వేసుకుని నీళ్లు పోసుకుంటున్నప్పుడు ఒక్క మనిషి చూస్తాడు, అంతే. ఆ ఒక్క మనిషి కోసం చేసిన బొమ్మను కేల్కర్ మనందరి ముందుకు తెచ్చారు.

దీపాల ముందు ఎక్కువసేపు నిలబడాలి. కుందులు, సెమ్మెలు, చేతదీపాలు, హారతి పళ్లేలు, గొలుసుకు వేలాడే దీపాలు. మన దక్షిణాదిన వేలాడే దీపాల్లో ఒక రకం ఉంది, దాని పనితనం వింటే ముచ్చటేస్తుంది. దీపం గిన్నె నడుమ ఒక పక్షి కూర్చుని ఉంటుంది. పక్షి కడుపు బోలు. అందులో నూనె నింపుతారు. అడుగున ఒక చిన్న రంధ్రం. గిన్నెలో నూనె ఉన్నంతసేపు ఆ రంధ్రం మునిగి ఉంటుంది, గాలి లోపలికి పోదు, నూనె బయటికి రాదు. వత్తి తాగిన కొద్దీ గిన్నెలో మట్టం తగ్గి రంధ్రం తేలుతుంది. గాలి బుడగ లోపలికి దూరుతుంది, దాని బదులు కాస్త నూనె జారుతుంది, రంధ్రం మళ్లీ మునుగుతుంది. రాత్రంతా ఎవరూ లేచి నూనె పోయనక్కర్లేదు. భౌతికశాస్త్రం బడిలో చదవని మనిషి చేసిన ఏర్పాటిది. పక్షి బొమ్మ అందం కోసమూ ఉంది, పని కోసమూ ఉంది. రెంటినీ విడదీయలేం.

దీపాల విషయంలో ఇంకొకటి గమనించండి. ఇంట్లో చాలాకాలం వాడిన దీపలక్ష్మి బొమ్మకు ముక్కు, కనుబొమలు అరిగిపోయి ఉంటాయి. పండగ పండక్కీ చింతపండు, బూడిద పెట్టి తోమిన గుర్తులవి. రెండు మూడు తరాల ఆడవాళ్ల చేతులు ఆ ముఖాన్ని నునుపు చేశాయి. అంగడిలో కొత్తగా పోతపోసి, పాతదని చెప్పి అమ్మే బొమ్మకు ముక్కు కొచ్చెగా ఉంటుంది. సేకరించేవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది. అరిగిన ముక్కు ఆ వస్తువు ఒక ఇంట్లో బతికిందని చెప్పే సాక్ష్యం. అందుకే మ్యూజియంవాళ్లు ఇత్తడిని తళతళలాడేట్టు తోమరు. మనకేమో తోమకపోతే మనసొప్పదు.

ఇవన్నీ ఎలా దొరికాయి? కేల్కర్ ఊళ్లు తిరిగారు. మహారాష్ట్రే కాదు, గుజరాత్, రాజస్థాన్, దక్షిణాది రాష్ట్రాలు, ఇలా దేశంలో మూలమూలలకు వెళ్లారు. గుజరాత్ ఇళ్ల చెక్కడపు తలుపులు, కిటికీలు ఈ మ్యూజియంలో ఒక పెద్ద ఆకర్షణ. ఆ తలుపుల బరువు ఊహించుకోండి. ఒక మనిషి జేబులో పెట్టుకుని తెచ్చే వస్తువులు కావవి. పాత ఇల్లు కూలగొడుతున్నారని తెలియాలి, తెలిసేసరికి చెక్క పొయ్యిలోకి పోకుండా ఉండాలి, బేరం కుదరాలి, బండి మాట్లాడాలి, రైల్వే గూడ్సులో వేయాలి, పుణేలో దింపించాలి, పెట్టడానికి చోటుండాలి. ఒక్క తలుపు వెనక ఇంత పని ఉంటుంది. అలా 1960 నాటికి ఆయన దగ్గర పదిహేను వేల వస్తువులు పోగుపడ్డాయి. నలభై ఏళ్లలో పదిహేను వేలంటే సగటున రోజుకొకటి. జమీందారు ఖజానా నుంచి కాదు, కళ్లజోళ్ల కొట్టు రాబడి నుంచి. ఇంతటి పని ఇల్లాలి సాయం లేకుండా సాగేది కాదు. భార్య కమలాబాయి ఈ పనిలో ఆయనకు తోడుగా నిలిచారు. ఇల్లు మనుషులు తిరిగే చోటుగా కాక వస్తువులు పేరుకునే చోటుగా మారుతుంటే ఓర్చుకోవడం ఎంత కష్టమో గృహిణులైన శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు. కేల్కర్ గురించి రాసేవాళ్లు ఆమెను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు అది సబబుగా తోచదు. పదిహేను వేల వస్తువులు ఆ ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చాయంటే, ప్రతిసారీ లోపల ఒకరు సరే అన్నారనే అర్థం.

ఇక ఈ మ్యూజియం పేరు గురించి. బోర్డు మీద రాజా దినకర్ కేల్కర్ అని చూసినవాళ్లు ఈయనెవరో చిన్న సంస్థానపు రాజు అనుకుంటారు. మహారాష్ట్రలో పేరు రాసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ముందు మనిషి పేరు, తరువాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. దినకర్ గంగాధర్ కేల్కర్ అంటే గంగాధర్ కొడుకు దినకర్. ఆ లెక్కన రాజా దినకర్ కేల్కర్ అంటే దినకర్ కొడుకు రాజా. కేల్కర్ దంపతులకు ఒక్కడే కొడుకు. పేరు రాజా. ఏడేళ్ల వయసులో చనిపోయాడు.

బడి హాజరు పట్టీలో రాసే పేరు ఎలా ఉంటుందో, మ్యూజియం పేరు అచ్చం అలా ఉంది. తండ్రి తన పేరు పెట్టుకోవచ్చు, కవిగా ఆయనకు పేరుంది. మరాఠా వైభవం అని ఏదో పెద్ద పేరు పెట్టవచ్చు, ఊరంతా మెచ్చుకునేది. ఏడేళ్ల పిల్లవాడికి చెప్పుకోవడానికి ఏ ఘనకార్యమూ లేదు. ఉన్నదల్లా పేరే. ఆ పేరును తండ్రి వీధిలో పెట్టారు. పిల్లలు పోయిన ఇళ్లలో ఆ పేరు ఎత్తడానికే అందరూ జంకుతారు. ఎత్తితే తల్లి ఏమైపోతుందో అని చుట్టాలు నోరు కట్టేసుకుంటారు. ఇక్కడ పుణేలో ఆటో ఎక్కి ఎవరైనా ఆ పేరు చెప్పవచ్చు. టికెట్టు మీద ఉంటుంది, కరపత్రాల మీద ఉంటుంది, రోడ్డు పక్క బాణం గుర్తు మీద ఉంటుంది. ఏడేళ్ల పిల్లలు బడి నుంచి వరసలో వచ్చి ఆ పేరున్న గుమ్మంలోంచి లోపలికి వెళతారు.

వస్తువులను కూడబెట్టడానికి కొడుకు మరణమే కారణమని కొందరు కథలల్లుతారు. నేను ఆ దారిన పోను. సేకరణ మొదలైంది చరిత్ర మీది ఇష్టంతో. దుఃఖం దానికి పేరిచ్చింది. తన ముచ్చట కోసం చేసుకున్న పనికి కొడుకు పేరు పెట్టిన నాటి నుంచి అది ఆయన సొంతం కాకుండా పోయింది. పేరు నలుగురి నోట్లో నానాలంటే వస్తువులు నలుగురికీ కనపడాలి కదా.

ఇంకొక ముఖ్యమైన సంగతి, మస్తానీ మహల్. మొదటి బాజీరావు పేష్వా, మస్తానీల కథ సినిమా పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలుసు. బాజీరావు 1720 నుంచి 1740 దాకా పేష్వా. ఆయన కుటుంబం, పుణే ఛాందసులు మస్తానీని ఒప్పుకోలేదు. కొంతకాలం ఆమె పేష్వాల కోట శనివార్ వాడాలోనే ఉన్నా, 1734లో బాజీరావు ఆమె కోసం ఊరికి దూరంగా కోథ్రూడ్‌లో వేరే నివాసం కట్టించారు. 1740లో బాజీరావు పోయారు, కొద్దిరోజులకే ఆమె కూడా పోయింది. శనివార్ వాడా 1828లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, గోడలూ పునాదులూ మిగిలాయి. కోథ్రూడ్ మహల్ కూడా కాలగర్భంలో కలిసిపోవాల్సిందే. దాని భాగాలను విప్పించి తెప్పించి, తన మ్యూజియంలో ఒక గదిగా మళ్లీ నిలబెట్టిన ఘనత కేల్కర్‌ది. ఇప్పుడు కోథ్రూడ్ పుణేలో కిక్కిరిసిన పేట. ఆ మహల్ ఉన్న చోట కర్వే రోడ్డు మీద బళ్లు పోతుంటాయి. మస్తానీ బతికుండగా పుణే నడిబొడ్డున ఆమెకు చోటు నిలవలేదు. కేల్కర్ ఆమె స్తంభాలను తెచ్చి శుక్రవార్ పేటలో, శనివార్ వాడాకు నడిచిపోయేంత దూరంలో పెట్టారు. ఆయన ఆ ఉద్దేశంతో చేశారో లేదో గానీ, ఆ గదిలో నిలబడినప్పుడు నాకు ఈ సంగతే తోచింది.

సేకరించేవాడికి అసలు పరీక్ష చివర్లో వస్తుంది. ఒక్కొక్క వస్తువునూ వెతికి, బేరమాడి, మోసి తెచ్చిన మనిషికి దాన్ని వదులుకోవడం ఎంత కష్టం! చాలామంది చేత కాదు. సేకరించినవాడు కళ్లు మూసిన మర్నాటి నుంచి వారసులు పంపకాలు మొదలుపెడతారు. నగల పెట్టె ఒకరికి, పుస్తకాలు ఒకరికి, మిగిలింది వేలంపాటకు. యాభై ఏళ్లు కలిసి ఉన్న వస్తువులు యాభై ఇళ్లకు చెదిరిపోతాయి. కేల్కర్ బతికుండగానే ఆ ముడి విప్పారు. 1962లో మహారాష్ట్ర ప్రభుత్వ పురావస్తు శాఖను ఈ పనిలోకి తెచ్చారు. 1975 నాటికి మొత్తం సేకరణను ప్రభుత్వానికి దానంగా రాసిచ్చేశారు. అమ్మలేదు, ఇచ్చేశారు. అప్పటికే విదేశాల్లో భారతీయ జానపద వస్తువులకు గిరాకీ పెరిగిన రోజులవి. వేలానికి పెడితే ఎంత వచ్చేదో లెక్క వేసుకోలేనంత అమాయకుడు కాదు ఆయన, జీవితమంతా వ్యాపారం చేసినవాడు. 1980లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ తరువాత మరో పదేళ్లు తన వస్తువుల నడుమే ఉండి, 1990లో, తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. మ్యూజియం బాగోగులు ఆయన కూతురి కుటుంబం చూస్తూ వచ్చింది.

ఇచ్చేసేవాళ్లు మన దగ్గర లేరా అంటే ఉన్నారు. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, ఆయన భార్య కమల ఇద్దరూ చిత్రకారులు, శాంతినికేతన్‌లో చదువుకున్నవాళ్లు. 1950 దశకం మొదట్లో హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. దక్కనీ చిత్రాలు, బిద్రీ సామాను, తెలంగాణ పటచిత్రాలు ఓపికగా పోగుచేశారు. 1976లో ఆ సేకరణను ఒక ధర్మకర్తృత్వ సంస్థకు అప్పగించి భారతీయ కళల మ్యూజియంగా మార్చారు. వాళ్ల చేతిలోనూ పెద్ద ఆస్తులేమీ లేవు. ఉన్నది కన్ను. పటం కథలు చెప్పేవాళ్లు చిరిగిపోయిందని పక్కన పెట్టిన పటంలో ఏముందో చూడగలిగిన కన్ను. రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావుగారి పేర ఉన్న మ్యూజియం కూడా ఇలాంటి ఒంటరి మనుషుల పట్టుదల నుంచి పుట్టినదే. ఈ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఒక మూలనైనా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అయినా కేల్కర్ మ్యూజియం వంటిది, అంటే అచ్చంగా ఇంటి సామాను కోసమే నిలబడిన పెద్ద మ్యూజియం, తెలుగునాట ఉండి తీరాలి. ఎందుకంటే మన దగ్గర అవి పోయిన వేగం నా తరం కళ్లారా చూసింది. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చిన కొత్తలో వీధిలో సామాన్లవాడు కేక వేస్తే ఆడవాళ్లు అటక మీది ఇత్తడి, కంచు దింపించి తూకానికి వేసేవారు. తాతమ్మ కాపురానికి తెచ్చుకున్న గంగాళానికి బదులు రెండు స్టీలు క్యారేజీలు, నాలుగు గ్లాసులు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కళాయి పూయించే పని లేదు, చింతపండు పెట్టి తోమే పని లేదు, చిలుము పట్టదు, బరువు లేదు. రోజంతా వంటింట్లో చాకిరీ చేసే మనిషికి స్టీలు గిన్నె నిజమైన విడుదల. కాకపోతే ఆ తూకంలో పడినది లోహం ఒక్కటే కాదు. మరచెంబు పోయింది. ప్రయాణంలో నీళ్లు ఒలకకుండా మూతకు మరలు తిప్పిన ఆ చెంబు పనితనం ఇప్పటి పిల్లలకు చూపించాలంటే ఎక్కడికి తీసుకుపోవాలి? ఉగ్గుగిన్నె పోయింది. పసిబిడ్డ నోటికి సరిపోయేట్టు ముక్కు సాగదీసిన ఆ గిన్నె మన ఇళ్లలో తరానికి ఎంతమందిని పెంచిందో! సున్నపుకాయ, కాటుక బరిణె, వక్కల పెట్టె, భోషాణం, గొలుసుల ఉయ్యాలబల్ల, అన్నీ ఆ దారినే పోయాయి. కొన్ని ఇప్పుడు హోటళ్ల వరండాల్లో అలంకారానికి నిలబడ్డాయి. ఏ ఊరివో, ఎవరివో ఎవరికీ తెలియదు.

ఊరు తెలియడం, ఇల్లు తెలియడం చాలా అవసరం. సేకరణకు, పాత సామాన్ల కొట్టుకు తేడా అక్కడే. ఈ గిన్నె ఫలానా ఊళ్లో, ఫలానా పనికి, ఫలానా వాళ్లు వాడారని పక్కన ఒక కాగితం ఉంటే గిన్నె మాట్లాడుతుంది. లేకపోతే తూకానికి పనికొచ్చే లోహం. మీ ఇంట్లో ఇంకా అలాంటి వస్తువు ఏదైనా మిగిలి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అది దేనికి వాడేవారో, ఎవరి నుంచి వచ్చిందో అడిగి రాసి అందులోనే పెట్టండి. దాన్ని ఏంచేయాలో తరువాత ఆలోచించవచ్చు.

పుణేలో ఇప్పుడు వేలకొద్దీ తెలుగు కుటుంబాలున్నాయి. ఉద్యోగాల కోసం, చదువుల కోసం వెళ్లినవాళ్లు. చుట్టాలు వస్తే శనివార్ వాడా చూపిస్తారు, సింహగఢ్ ఎక్కిస్తారు, దగ్డూశేఠ్ గణపతి దర్శనం చేయిస్తారు. ఈ మ్యూజియానికి మాత్రం తీరిక దొరకదు. వెళ్లేవాళ్లు కనీసం ఒక పూట పెట్టుకుని వెళ్లండి. ఇరవై వేల పైచిలుకు వస్తువుల్లో బయట పెట్టింది రెండున్నర వేలే, మిగిలినవాటికి ఆ భవనంలో చోటు లేదు. ఆ రెండున్నర వేలు చూడటానికే కాళ్లు నొప్పెడతాయి. పిల్లలుంటే ముందు అడకత్తెరల దగ్గరికి తీసుకుపోండి, ఏ బొమ్మ ఎలా తెరుచుకుంటుందో వాళ్లనే చెప్పమనండి. దీపాల దగ్గర తొందరపడకండి. పెద్దవాళ్లను వెంటపెట్టుకుని వెళ్లండి, మీ అమ్మమ్మనో నానమ్మనో. బీరువా పక్కన చీటీ మీద మరాఠీలో, ఇంగ్లీషులో రాసి ఉన్నదాని కన్నా ఎక్కువ ఆమె చెప్పగలదు. ఇది మా ఇంట్లో ఉండేదే, దీన్ని మేం ఫలానా అనేవాళ్లం, ఇందులో ఫలానా వండేవాళ్లం అని ఆమె మొదలుపెడితే అడ్డు తగలకండి. మస్తానీ మహల్ గదిని ఆఖరుకు అట్టిపెట్టుకోండి.